3,40,000 రూపాయల ఎయిర్ రైఫిల్ కొనాలా? నేను ఎందుకు ఆగానంటే

ముందే చెప్పేస్తాను, ఇది కోతుల్ని తోలే ఎయిర్ గన్ గురించి కాదు, జాతరలో బెలూన్లు పేల్చేదాని గురించి అసలే కాదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల దూరం నుంచి కాల్చే మ్యాచ్ ఎయిర్ రైఫిల్ గురించి. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో స్వర్ణం, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది ఈ ఈవెంట్‌లోనే.

నేను శని, ఆదివారాలు రేంజ్‌కి వెళ్లడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ క్లబ్ రైఫిల్‌తోనే లాగించేశాను. ఈ ఏప్రిల్‌లో బోనస్ పడింది. ఒక జర్మన్ కంపెనీ టాప్ మోడల్‌కి డీలర్ అన్నీ కలిపి 3,40,000 రూపాయలు చెప్పాడు. "ఆ డబ్బుకి మంచి బైకులు రెండొస్తాయి కదరా" అన్నారు నాన్న. అమ్మ అయితే అసలు మాట్లాడలేదు. అది ఇంకా ప్రమాదం.

ఇంట్లో చెప్పుకోవడానికైనా ఒక లెక్క ఉండాలి కదా అని కూర్చున్నాను.

టార్గెట్ మీద 10 రింగ్ అంటే అర మి.మీ. చుక్క. మనం కాల్చే పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే చాలు, 10.0 వస్తుంది. అంటే సెంటర్ నుంచి 2.5 మి.మీ. పక్కకి పోయినా పదే. అక్కడి నుంచి ప్రతి 0.25 మి.మీ. దగ్గరికి 0.1 పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. 60 షాట్లకి గరిష్ఠం 654. అంతర్జాతీయ స్థాయిలో ఫైనల్‌కి వెళ్లేవాళ్లు 630 చుట్టుపక్కల కొడతారు. నా సగటు 598. అంటే నా పెల్లెట్ సగటున రెండున్నర మి.మీ. పక్కకి పోతోంది.

ఇందులో రైఫిల్ తప్పెంత, నా తప్పెంత? కోడ్ స్లోగా ఉంటే సర్వర్ మార్చే ముందు ప్రొఫైలర్ పెట్టి చూస్తాం కదా, అలాంటి పనే ఇది. మా కోచ్ సార్ క్లబ్ రైఫిల్‌ని బెంచ్ మీద బిగించి పది పెల్లెట్లు కాల్చారు. పదీ ఒకే రంధ్రంలోంచి పోయాయి. వెర్నియర్ పెట్టి కొలిస్తే రంధ్రం 5.1 మి.మీ. ఉంది. పెల్లెట్ సైజు తీసేస్తే మిగిలేది 0.6, అంటే సెంటర్ నుంచి అటూ ఇటూ 0.3. పదేళ్ల పాత రైఫిల్ అది!

రెండు తప్పులు కలిసినప్పుడు నేరుగా కూడవు, వర్గాలు కూడతాయి. రైఫిల్ తప్పు పూర్తిగా సున్నా అయినా నా 2.5 కాస్తా 2.48 అవుతుంది. 60 షాట్లకి అర పాయింటు కూడా లాభం లేదు. అర పాయింటుకి 3,40,000. లెక్క అయిపోయింది, వద్దనుకున్నాను.

కానీ కథ అక్కడ ఆగలేదు. రేంజ్‌లో ఒక సీనియర్ తన టాప్ మోడల్ ఒక మధ్యాహ్నం నా చేతికిచ్చారు. 605.3 కొట్టాను! ఏడు పాయింట్లు ఎక్కువ. ఆ ట్రిగ్గర్ గురించి చెప్పాలంటే, నొక్కాలి అనుకునేలోపే షాట్ పోయినట్టు ఉంటుంది. కాల్చినప్పుడు వచ్చే చిన్న కుదుపుని కూడా లోపలే మింగేస్తుంది. మరి నా లెక్క తప్పా?

సార్‌ని అడిగితే నవ్వి, స్కేలు తెచ్చారు. ఆ రైఫిల్ ఇచ్చే ముందు సీనియర్ చెంప ఆన్చే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్ నాకు సరిపడేలా ఓపిగ్గా సెట్ చేశారు. సార్ అవే కొలతలు క్లబ్ రైఫిల్‌కి పెట్టారు. చీక్ పీస్ దాదాపు 8 మి.మీ. పైకి లేచింది. ఆ రోజు క్లబ్ రైఫిల్‌తో 603.8 వచ్చింది. అంతకుముందు నేను సైట్‌లోకి చూడ్డానికి మెడ వంచుతున్నానన్న సంగతే నాకు తెలీదు. మెడ బిగిసింది కాబట్టే చివరి ఇరవై షాట్లు ఎప్పుడూ చెడిపోయేవి.

మరుసటి శనివారం వెళ్తే మళ్లీ 599. వారం మధ్యలో ఎవరో పొట్టి కుర్రాడు వాడి, అన్నీ తనకి తగ్గట్టు మార్చేసుకున్నాడు. వాడి తప్పేం లేదు, అది క్లబ్ రైఫిల్.

అప్పుడు అర్థమైంది నాకేం కావాలో. నా స్క్రూలు నేను తిప్పేదాకా తిరగని రైఫిల్ కావాలి. దానికి టాప్ మోడల్ అక్కర్లేదు.

టాప్ మోడల్ పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. ఫోన్‌తో పోల్చి దీన్ని తిట్టకూడదు. ఫ్లాగ్‌షిప్ ఫోన్ రెండేళ్లకి సగం ధర కూడా పలకదు. ఇది అలా కాదు. పెల్లెట్ మెత్తని సీసం, వేగం సెకనుకి 170 మీటర్ల చుట్టూ. బ్యారెల్ అంత తేలిగ్గా అరగదు. అందుకే పదేళ్ల పాతది కూడా మంచి ధరకి పోతుంది. గడువు ఉండేది గాలి సిలిండర్‌కి. 200 బార్ ఒత్తిడి దాచుకునేది కాబట్టి దాని మీద తేదీ ఉంటుంది. గడువు దాటితే మ్యాచ్‌లో వాడనివ్వరు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఆ తేదీ చూడండి, పెయింట్ తర్వాత చూడొచ్చు. లైసెన్స్ గురించి చాలామంది అడుగుతారు: 4.5 మి.మీ. బోర్, 20 జూళ్ల శక్తి దాటకపోతే మన దేశంలో అక్కర్లేదు.

620 దాటి, సొంత సెట్టింగులతో ఏళ్లుగా కాల్చేవాళ్లు అంత డబ్బు పెడితే నేను కాదనను. వాళ్ల పోరాటమే పాయింట్లలో పదో వంతుల మీద. ఆ ట్రిగ్గర్‌కి వాళ్ల వేలు న్యాయం చేస్తుంది. నాది ఇంకా చెయ్యదు.

నేను అదే కంపెనీ పాత మోడల్, ఒకాయన ఆట మానేసి అమ్ముతుంటే 1,55,000కి తీసుకున్నాను. సిలిండర్‌కి ఇంకో మూడేళ్ల గడువుంది. మిగిలిన దాంట్లో కొలతలిచ్చి కుట్టించిన షూటింగ్ జాకెట్, ఏడాదికి సరిపడా పెల్లెట్లు, రేంజ్ ఫీజు కట్టాను. ఇంకా కొంత మిగిలింది, అమ్మకి ఇచ్చాను. ఇప్పుడు మాట్లాడుతోంది.

చీక్ పీస్ ఎత్తు 31 మి.మీ. స్టాక్ మీద మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాను. మొన్న ఆదివారం 606.1.