అంతర్జాలపు అంగడిలో రోమన్ దీనారం

ప్రాచీన రోమన్ నాణేల విక్రయం నేడు అంతర్జాలంలో నిరాటంకంగా సాగుతున్నది. ఛాయాచిత్రం పక్కన అమ్మకందారు స్వయంగా అచ్చువేసుకున్న ధ్రువపత్రం ఒకటి ఉంటే చాలునని నమ్మేవారికి కొదవలేదు. తన సరుకుకు తానే సాక్ష్యం చెప్పుకొనేవాని మాటను ఏ న్యాయస్థానమూ అంగీకరించదు; విద్యావంతులైన సేకర్తలు మాత్రం అంగీకరిస్తున్నారు.

రోమన్ నాణెం సుత్తిదెబ్బకు పుట్టినది. లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమ ఉంచి మోదేవారు. అందువల్ల ఒకదానిలో బొమ్మ పక్కకు ఒరుగుతుంది, మరొకదానిలో అంచు చీలుతుంది. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకుగీత, పైన గాలిబుడగల గుంటలు, మెత్తబడిన అక్షరాలు మిగులుతాయి. అదే ఒరుగు, అదే చీలిక గల నాణేలు రెండు కనిపిస్తే ఇక వాదమే అనవసరం. తూకమూ చూడవలసినదే. అగస్టస్ నాటి దీనారం అరుగుదల పోను దాదాపు 3.8 గ్రాములు తూగాలి. అయితే తూకం సరిపోయినంతనే నాణెం అసలైనది కాబోదు. జర్మనీలో కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) స్వహస్తాలతో అచ్చులు చెక్కి పండితులనే మోసగించాడు.

"దక్షిణభారతపు నిధిలోనిది" అన్న ప్రకటన మరీ విడ్డూరం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దీనారాలు దొరికిన మాట నిజమే. ఆ ఖ్యాతి నీడలో ప్రతి బిళ్ళా నిధి బిళ్ళే అవుతున్నది. ఆ మాట అబద్ధమైతే మోసం. ఈ దేశంలో ఇటీవల దొరికినదే అయితే, కలెక్టరుకు తెలుపకుండా దాచడం 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేరం. లైసెన్సు లేని పురావస్తు వ్యాపారాన్నీ, ప్రైవేటు వ్యక్తుల ఎగుమతినీ 1972 చట్టం నిషేధించింది.

పూర్వులూ అనుకరించారు గదా అని కొందరి సమర్థన. దక్కను శిల్పులు రోమన్ నాణేల ముద్రలతో మట్టిబిళ్ళలు చేసి, రంధ్రం వేసి ఆభరణాలుగా ధరింపజేశారు. మట్టిని వెండి అని ఎవరికీ అమ్మలేదు. ఆ బిళ్ళ నాటి అభిరుచికి ఆధారం. నేటి నకిలీ ఆ ఆధారాన్నే కలుషితం చేసేది. తెలియనివారు ఆ ప్రాచీన అనుకృతులను "నకిలీ" అని పారవేసే ప్రమాదమూ ఉన్నది.

పరమేశ్వరీలాల్ గుప్తా రచించిన ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల గ్రంథం 1965లోనే హైదరాబాదులో వెలువడింది. వేల రూపాయలు పోసి దీనారం కొనేవారిలో ఎందరు దానిని తెరిచి చూశారో!