నాబోతు ఎందుకు అమ్మలేదు?



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, బెంగళూరులో ఉద్యోగం చేసే మన సంఘపు తమ్ముడొకడు నన్ను ఆపి, "అయ్యగారూ, పన్నంటే బలవంతపు వసూలే కదా? నా భూమి నా ఇష్టం. ప్రభుత్వం పోలీసు, కోర్టు వరకే ఉండాలి. యేసుప్రభువు ఎవరినైనా బలవంతం చేశాడా?" అన్నాడు. సాక్ష్యంగా నాబోతు ద్రాక్షతోటను చూపించాడు.

అతని మాటలో నిజముంది. రాజు వస్తే మీ పొలాలు తీసుకుంటాడని సమూయేలు ముందే హెచ్చరించాడు (1 సమూయేలు 8). మన జిల్లాకూ ఈ వాదం కొత్త కాదు. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, రాజాజీ, ఎన్.జి. రంగా కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. 1962లో మన పెద్దలు రంగాగారిని చిత్తూరు నుండే లోక్‌సభకు పంపారు. మనస్సాక్షి మీద ప్రభుత్వం చెయ్యి పడకూడదని మనలాంటి చిన్న సంఘాలకు వేరే చెప్పాలా? అయితే రామాయణ భారతాలు తిరిగి చెప్పిన రాజాజీ, ధర్మాన్ని పక్కనపెట్టి స్వేచ్ఛ అడగలేదు. ఇప్పటి వాదం ధర్మాన్ని వదిలి ఇష్టాన్ని పట్టుకుంది.

నాబోతు కథ సరిగ్గా చదవండి (1 రాజులు 21). అహాబు మొదట లాక్కోలేదు. ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల ఇస్తానన్నాడు. నాబోతు "నాకిష్టం లేదు" అనలేదు. పిత్రార్జితాన్ని ఇవ్వడం దేవునికి సమ్మతం కాదన్నాడు. అతడు నిలబడింది తన ఇష్టం మీద కాదు, దేవుని హక్కు మీద. భూమి దేవునిది, మనం ఆయన దగ్గర కాపురమున్నవాళ్లం (లేవీయకాండము 25:23). రాజును ఆపిన ఆ హక్కే యజమానినీ ఆపుతుంది. పొలం అంచుల పంట బీదలకు వదలమన్నది సలహా కాదు, ఆజ్ఞ (19:9-10).

మన స్వర్ణముఖిని చూడండి. ఎవరి ఇష్టం వారిదైతే ఏటి ఇసుక ఎవరిది? ట్రాక్టరు ఉన్నవాడిది. ఏరు కూడా ఒకరి సొత్తయితే కాపాడుకుంటాడు కదా అంటాడు తమ్ముడు. భూమి కింది నీటికి సర్వే రాయి తెలియదు నాయనా! ఇక్కడ ఇసుక తోడితే పక్క ఊరి బోరు ఎండుతుంది. 2017 ఏప్రిల్ 21న ఆ ఇసుక గోడు చెప్పుకోవడానికే మునగలపాలెం రైతులు మన ఏర్పేడు పోలీసు స్టేషనుకు వచ్చారు. అదుపు తప్పిన లారీ దూసుకొచ్చి ఎందరో ప్రాణాలు విడిచారు. లారీది ప్రమాదమే. వాళ్లను పొలం పని మాని అక్కడికి రప్పించింది మాత్రం ప్రమాదం కాదు.

నేనూ నిర్దోషిని కాను. ఇసుక తోలి సంపాదించిన విశ్వాసి ఒకరు మందిరం పైకప్పుకు కానుక ఇస్తే, ఎక్కడిదని అడగకుండా ప్రార్థన చేసి తీసుకున్నాను. తమ్ముడి సంగతి నాకెందుకన్న కయీను ఆ రోజు నాలోనే ఉన్నాడు.

స్వాతంత్ర్యం ప్రేమతో ఒకరికొకరు దాసులు కావడానికే (గలతీ 5:13). రాజు చేతి నుండి విడిపించిన పొలాన్ని దేవుని చేతిలో పెట్టకపోతే, అది ఇంకో చిన్న అహాబు చేతిలో పడుతుంది. ఆ అహాబు మనమే కాకుండా ప్రభువు మనలను కాపాడును గాక. ఆమేన్.