మాఫీ కాదు, ఇన్సాఫ్

రుణమాఫీ. ప్రతి ఎలక్షన్‌లో వినే మాట. అందులో మాఫీ మన ఉర్దూ లఫ్జే. మాఫీ అడగాల్సింది ఎవరు? గునాహ్ చేసినవాడు. మరి దేశాల అప్పుల దగ్గరకొచ్చేసరికి, జుల్మ్ భరించిన అవాం చేత మాఫీ అడిగించడం ఎక్కడి ఇన్సాఫ్?

ఇరాక్ సంగతే చూడండి. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో జంగ్ నడపడానికి సద్దాం హుసేన్ దొరికినచోటల్లా అప్పు చేశాడు. ఆ పైసలు దేనికి పోతున్నాయో ఇచ్చిన హుకూమత్‌లకు తెలియదా? 1988 మార్చి 16న హలబ్జాలో విషవాయువుకు వేలమంది కుర్దులు బలయ్యారు. 2003లో సద్దాం కూలాడు. అప్పు మాత్రం కూలలేదు. బతికి బట్టకట్టినవాళ్ల నెత్తిన పడింది.

"కర్జ్ తీర్చకపోతే ఎలా భాయ్?" అంటారు. నిజమే, మన ఇళ్లలో కర్జ్ అంటే భయం. తర్కా పంచుకునే ముందు మయ్యత్ అప్పులే తీరుస్తాం. కానీ పిల్లల మీదకే ఎత్తుతాడని తెలిసీ బాప్ చేతికి చాకు కొనిపెట్టిన సాహుకార్, తర్వాత ఆ యతీముల గుమ్మంలోకొచ్చి చాకు ఖరీదు అడిగితే ఇస్తామా?

కానూన్ తెలిసినవాళ్లూ ఇదే అడిగారు. రష్యన్ న్యాయశాస్త్రవేత్త అలెగ్జాండర్ సాక్ 1927లోనే రాశాడు: అవాం రజామందీ లేకుండా, అవాం ఫాయిదాకు కాకుండా జాలిం హాకిం చేసిన అప్పు, ఆ సంగతి తెలిసీ ఇచ్చింది అయితే, అది కౌమ్ అప్పు కాదు. ఆ హాకింతోనే పోతుంది.

2004 నవంబర్‌లో, అప్పిచ్చిన సర్కార్ల కూటమి అయిన పారిస్ క్లబ్, ఇరాక్ నుంచి రావాల్సిన దాదాపు 3,900 కోట్ల డాలర్లలో 80 శాతం వదులుకుంది. నాజాయజ్ అప్పు అని మాత్రం అనలేదు. మెహర్బానీ చేసినట్టు వదిలింది. నాజాయజ్ అని ఒక్కసారి ఒప్పుకుంటే రేపు మిగతా కౌములూ తమ జాలింల ఖాతాలు బయటికి తీస్తాయి కదా! పైగా ఆ మెహర్బానీకి షరతులు. ఎక్కువ భాగం మాఫీని ఐఎంఎఫ్ ప్రోగ్రాంకు ముడిపెట్టారు. ఐఎంఎఫ్‌తో ఒప్పందం కుదిరిన 2005 డిసెంబర్‌లోనే ఇరాక్‌లో పెట్రోల్ ధర కొన్ని రెట్లు పెరిగింది. జనం రోడ్డెక్కారు.

తిండి, దవాఖానా, తాలీమ్ మనిషి హక్కులని 1966 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెప్పింది. అప్పు వసూలు ఈ హక్కులను తొక్కకూడదని 2012లో మానవ హక్కుల మండలి ఆమోదించిన సూత్రాలు చెప్పాయి. చెప్పి ఏం లాభం? సాహుకార్లకు క్లబ్ ఉంది, మజ్లూంలకు అదాలత్ లేదు.

అందుకే ముందు అడగాల్సింది హిసాబ్. ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చారు, దేనికి ఖర్చయింది? ఈక్వడార్ 2008లో తన అప్పులను ఇలాగే తవ్వి తీసింది. మరుసటి ఏడాది తన బాండ్లలో చాలావాటిని డాలరుకు 35 సెంట్ల చొప్పున తిరిగి కొనేసింది. హిసాబ్ అడిగిన కౌమ్‌కు బేరమాడే బలం వస్తుంది. మాఫీ కోసం చేయి చాచిన కౌమ్‌కు షరతులే మిగులుతాయి.