రంగు వేస్తే చెమ్మ పోదు

వానాకాలం వెళ్లగానే చాలా ఇళ్లలో ఇదే బాధ. బయటి గోడకు లోపలివైపు రంగు పొంగుతుంది, లప్పం రాలుతుంది, ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతుంది. పండక్కి పెయింటర్ని పిలిచి గీకించి, మళ్లీ రంగు వేయిస్తాం. మరుసటి వానలకు మరక అక్కడే తేలుతుంది. నీరొచ్చే దారిని మూయకుండా మరకను కప్పితే ఎన్నిసార్లు ఖర్చుపెట్టినా అంతే.

మరక ఎక్కడుంది?

తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యలో ఖాళీ ఉండదు. బయట పీల్చిన తడి లోపలిదాకా వచ్చేస్తుంది. ఏ దారిన వస్తోందో చాలావరకు మరక ఉన్న ఎత్తును బట్టి పోల్చుకోవచ్చు.

* నేల నుంచి మూడడుగుల లోపు అయితే పునాది నుంచి ఎక్కే చెమ్మ కావచ్చు. చాలా పాత ఇళ్లకు దాన్ని ఆపే డీపీసీ పొర ఉండదు. ఉన్నా, బయట మట్టి ఎత్తు పెరిగితే పనిచేయదు. గోడకు ఆనుకున్న మట్టిని లోపలి నేల కన్నా అర అడుగు దిగువకు తీయించండి. అక్కడ నీళ్లు నిలవనివ్వకండి.
* కిటికీ చుట్టూ, గోడ మధ్యలో ఉంటే బయటి పగుళ్లను, సన్‌షేడ్ గోడను కలిసే చోటును చూడండి. ఎండాకాలంలోనూ తడి ఆరకపోతే నీళ్ల పైపును అనుమానించాలి.
* పైకప్పు కింద ఉంటే పిట్టగోడ పగుళ్లు, డాబా నీళ్లు పోయే గొట్టం మూతి చూడాలి.

ఎటూ తేలకపోతే అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి, రెండ్రోజులు ఉంచండి. కాగితం కింద నీటి బొట్లుంటే చెమ్మ గోడలోది. పైన ఉంటే గది గాలిలోది. అప్పుడు కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఆరాకే పూత

దారి మూశాక, మరక దాటి మరో అడుగు వరకు పాత ప్లాస్టరింగ్‌ను ఇటుక కనిపించేలా కొట్టించండి. వీలైతే వేసవంతా ఆరనివ్వండి. తెల్లగా ఉప్పు తేలితే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. తడి గోడకు లోపలివైపు వాటర్‌ఫ్రూఫ్ పూత పూస్తే అది కూడా పొంగి ఊడుతుంది.

సున్నంతో కట్టిన పాత గోడకు సున్నం పూతే మేలు. అందులోంచి తడి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

తడి గోడలో స్విచ్‌బోర్డు ఉంటే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ ఆపి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బూజు పట్టిన గోడ పక్కన పసిపిల్లల్ని, ఆస్తమా ఉన్నవారిని పడుకోబెట్టకండి.

ఇక మేస్త్రీ వచ్చి ధర చెప్పబోతే, నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూపించమనండి.