మాటలు వచ్చినా పాఠం అర్థం కాదెందుకు?

ఉద్యోగాల నోటిఫికేషన్ వెలువడిందంటే చాలు, జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా జిరాక్సు సెంటర్ల ముందు మన పిల్లలు గుమిగూడతారు. అక్కడ చేతులు మారే కాగితాల్లో ఇంగ్లీషు బిట్లదే పెద్ద వాటా. సమానార్థకాలు కొన్ని వందలు, వ్యతిరేక పదాలు కొన్ని వందలు, వాక్యానికి బదులు ఒకే మాట చెప్పమనేవి మరికొన్ని వందలు. వాటిని పిల్లలు హిఫ్జ్ చేసినట్లు కంఠస్థం చేస్తారు. తపాలా బిళ్ళలు సేకరించేవాణ్ణి ఏమంటారని మానుకోటలో ఏ డిగ్రీ విద్యార్థిని అడిగినా 'ఫిలాటెలిస్ట్' అని తడుముకోకుండా చెబుతాడు. (తపాలా బిళ్ళలు సేకరించే మనిషిని మానుకోటలో మేము ఇంతవరకు చూడలేదు, అది వేరే సంగతి.) అదే విద్యార్థి ముందు పన్నెండు వరుసల ఇంగ్లీషు పేరా పెట్టి, ఇందులో రాసినవాడు ఏమంటున్నాడని అడగండి. మాటలన్నీ తెలిసినవే అంటాడు. భావం మాత్రం చెప్పలేడు.

ఇది ఒక్క విద్యార్థి లోపం కాదు, మనం ఇంగ్లీషు నేర్పుతున్న పద్ధతిలోనే ఉన్న లోపం. దాని మూల్యం కూడా చిన్నది కాదు. 2024 అక్టోబర్ 21న మొదలైన గ్రూప్-1 మెయిన్స్‌లో తొలి పరీక్షే జనరల్ ఇంగ్లీష్. 150 మార్కుల ఆ పేపరు పదో తరగతి స్థాయిది. అందులో వచ్చిన మార్కులను ర్యాంకులో కలపరు. కానీ కనీస మార్కులు రాకపోతే చరిత్రలో, ఆర్థిక శాస్త్రంలో ఎంత గొప్పగా రాసినా ఫలితం సున్నా. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 ఇంగ్లీషువే. మొదటి భాషగా ఉర్దూను ఎంచుకోవచ్చు, తెలుగును ఎంచుకోవచ్చు. రెండో భాష ఇంగ్లీషును మాత్రం ఎవరూ తప్పించుకోలేరు.

పైగా ఇది పిల్లల పరీక్షగానే మిగలలేదు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి గడువున్న ఉపాధ్యాయులు కూడా రెండేళ్ళలోగా టెట్ గట్టెక్కాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థల సంగతిని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న ఉస్తాదులు ఇప్పుడు కొడుకు పక్కన కూర్చుని అదే బిట్ల కట్ట తిరగేస్తున్నారు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే తప్పు దారిన నడవడం మాకు బాధ కలిగిస్తోంది.

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఇంగ్లీషు మాటలు మన పిల్లలకు కొత్తవి కావు. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా నుంచి వేరుపడిన ఈ మూడు ప్రాంతాల్లోనూ ఇంగ్లీషు మాటలు ఇంటింటా తిరుగుతున్నాయి. జనగామ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం, రిజర్వేషన్, వెయిటింగ్ లిస్టు అనే మాటలు తెలియని పిల్లవాడుండడు. మహబూబాబాద్ మిర్చి వ్యాపారంలో గ్రేడు, కమీషను నిత్యం వినిపిస్తాయి. భూపాలపల్లి సింగరేణి కాలనీలో షిఫ్టు, మస్టరు, డంపరు అనకుండా పూట గడవదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంటి దగ్గర నేర్చిన మాటకు పిల్లవాడు ఒకే అర్థం కట్టిపెట్టుకుంటాడు. గని కార్మికుడి కొడుక్కి 'మైన్' అంటే బొగ్గుబాయి. వ్యాకరణం పుస్తకంలో అదే మాటకు అర్థం 'నాది'. 'ఇంట్రెస్ట్' అంటే మనకు మిత్తి. పరీక్ష పేరాలో అది ఆసక్తి కావచ్చు, ఒకరి ప్రయోజనం కావచ్చు. 'కరెంట్' అనగానే స్తంభాలు, తీగలు కళ్ళముందు నిలిస్తే, నదీ ప్రవాహం గురించిన పేరాలో పిల్లవాడు కొట్టుకుపోక ఏం చేస్తాడు? బిట్ల కట్ట ఇక్కడ అక్కరకు రాదు. అది కూడా మాటకు ఒకే అర్థం ఇచ్చి ఊరుకుంటుంది. మాటకు అర్థం దాని ఇరుగుపొరుగు మాటల్లో ఉంటుంది. అందుకే విడి మాటలు నేర్చుకోవడం మాని, మాట ఉన్న వాక్యాన్ని మొత్తంగా నోటు పుస్తకంలో రాసుకోవాలి. రోజుకు ఐదు వాక్యాలు చాలు.

ఇక వ్యాకరణం. ఇక్కడ మన పిల్లల చేతిలో ఒక ఆస్తి ఉంది. అది ఆస్తి అని వారికి ఎవరూ చెప్పలేదు. తెలుగులో 'రోజూ వస్తాడు' అన్నా 'రేపు వస్తాడు' అన్నా క్రియ ఒకటే. అందుచేత తెలుగులోనే ఆలోచించే పిల్లవాడు ఇంగ్లీషులో 'కమ్స్', 'విల్ కమ్' దగ్గర తడబడతాడు. ఉర్దూలో 'ఆతా హై' వేరు, 'ఆయేగా' వేరు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పిల్లవాడు ఆ తేడాను తల్లి ఒడిలోనే నేర్చాడు. మాస్టారు ఒక్క నిమిషం దాన్ని గుర్తుచేస్తే చాలు, వర్తమాన, భవిష్యత్ కాలాల పాఠం సగం తేలికవుతుంది. కానీ బడిలో ఉర్దూ ఊసెత్తితే ఇంగ్లీషు చెడిపోతుందని భయపడేవారు మనలోనే ఉన్నారు.

మదర్సాలో కొంతకాలం చదివిన పిల్లలకు ఇంకా వెసులుబాటు ఉంది. 'ఎ', 'ద' అనే చిన్న మాటలు ఎక్కడ పెట్టాలో తెలియక ఎందరో మార్కులు పోగొట్టుకుంటారు. తెలుగులోనూ ఉర్దూలోనూ అటువంటివి లేకపోవడమే కారణం. అరబ్బీలో నకిరా, మారిఫా చదివినవాడికి ఈ భేదం ముందే తెలుసు. 'రజులున్' ఎవరో ఒక మనిషి, 'అర్రజులు' మనకు తెలిసిన ఆ మనిషి. రెండు భాషలకూ అన్నిచోట్లా పొత్తు కుదరదు సుమా! 'అల్ ఇల్మ్' అన్నాం కదా అని ఇంగ్లీషులో 'నాలెడ్జ్' ముందు ప్రతిచోటా 'ద' తగిలిస్తే మార్కు పోతుంది. అయినా పునాది దొరికింది కదా! కర్మణి ప్రయోగమూ అంతే. గైడులో సూత్రం ఉంటుంది, కర్మను ముందుకు తెచ్చి క్రియను మూడో రూపంలోకి మార్చమంటుంది. ఎందుకు మార్చాలో చెప్పదు. అరబ్బీలో ఆ రూపం పేరే మజ్‌హూల్, అంటే తెలియనిది. 'నసర' అంటే సహాయం చేశాడు, 'నుసిర' అంటే సహాయం పొందాడు, చేసినవాడెవరో చెప్పలేదు. చేసినవాడు తెలియనప్పుడో, వాడి పేరు అక్కరలేనప్పుడో ఇంగ్లీషువాడు కూడా ఈ రూపం వాడతాడు. ఈ ఒక్క కారణం తెలిసిన పిల్లవాడు సూత్రాన్ని మరచినా తప్పు చేయడు.

అసలు చెప్పవలసింది మూడోది, పేరా చదివి గ్రహించడం. పరీక్షలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అభ్యాసం పూర్తిగా కరువైందీ ఇక్కడే. చాలా కోచింగు సెంటర్లలో నేర్పే చిట్కా ఏమిటంటే, ముందు ప్రశ్న చూడు, అందులోని మాటను పేరాలో వెతుకు, ఆ వరుసే జవాబు. ప్రశ్న వేసేవారికి ఈ చిట్కా తెలియదా? అందుకే పేరాలోని మాటను ప్రశ్నలో మార్చి ఇస్తారు, లేదా రచయిత ఉద్దేశం అడుగుతారు. అప్పుడు వెతికే కన్ను పనికిరాదు, చదివే బుద్ధి కావాలి.

మన మదర్సాల్లో పాఠం ఎలా సాగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పాఠానికి ముందు విద్యార్థి దాన్ని స్వయంగా చూసుకుని రావాలి, అది ముతాలా. తరగతిలో ఇబారత్‌ను పైకి చదవాలి. ఒక్క జేరు జబరు తప్పినా ఉస్తాద్ అక్కడే ఆపుతారు. ఆపి అడుగుతారు, "ఈ జమీర్ ఎవరి వైపు తిరుగుతోంది?" అంటే 'అతడు' అన్న మాట ఎవర్ని ఉద్దేశించింది అని. పాఠం అయ్యాక విద్యార్థులు జట్లుగా కూర్చుని ఒకరికొకరు మళ్ళీ చెప్పుకోవాలి, అది తక్రార్. ఇప్పుడు ఇంగ్లీషు ప్రశ్నపత్రం తీసి చూడండి. ఆరో వరుసలోని 'ఇట్' దేన్ని సూచిస్తుంది? ఇదే కదా ఉస్తాద్ అడిగిన ప్రశ్న! శతాబ్దాలుగా మన దగ్గరున్న విద్యను మనం అరబ్బీ కితాబుల్లోనే వదిలేసి, ఇంగ్లీషు పేరా ముందుకు ఖాళీ చేతులతో వెళుతున్నాం.

జైద్ బిన్ సాబిత్ (రజి) ఉదాహరణను మన జల్సాల్లో చెప్పని వక్త ఉండడు. దైవప్రవక్త (స) ఆజ్ఞపై ఆయన యూదుల లిపి కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారని అందరూ చెబుతారు. నేర్చుకుని ఏం చేశారన్నది మాత్రం తక్కువగా చెబుతారు. వారి నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవారు, జవాబులు రాసేవారు. అంటే భాషను ఆయన నేర్చుకున్నది చదివి గ్రహించడానికి, రాయడానికి.

ఉర్దూ వదిలితేనే ఇంగ్లీషు వస్తుందన్న మాట కూడా నిలబడదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి భాష. రెండూ ఒకే తరగతి గదిలో ఇమిడాయి. 2016లో 71 పాఠశాలలతో మొదలై తర్వాత 204కు పెరిగిన తెలంగాణ మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమానివి. మన పిల్లలకు అవి పెద్ద అవకాశం, అందులో సందేహం లేదు. కాని ఏ భాషలోనూ ఒక పుట స్వయంగా చదివి సారాంశం చెప్పలేని పిల్లవాడికి మాధ్యమం మారినంత మాత్రాన చదువు రాదు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలదీ ఇదే అవస్థ. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, పరీక్షలో మూడోది.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమంతో పాటు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషు పేజీని దాటేస్తున్నారని ఉపాధ్యాయులు వాపోతారు. ఇంట్లో తల్లిదండ్రులు చేయగల పని ఒకటుంది. తెలుగు పేజీ మీద ఒక కాగితం కప్పండి. పిల్లవాడు ఇంగ్లీషు పేజీలో ఒక పేరా పైకి చదివి, తనకు తెలిసినంత ఉర్దూలోనో తెలుగులోనో చెప్పాలి. తర్వాత కాగితం తీసి సరిచూసుకోవాలి. దీనికి తల్లికి ఇంగ్లీషు రానక్కరలేదు. కోచింగు కోసం హనుమకొండకో హైదరాబాద్ అశోక్‌నగర్‌కో పంపే స్తోమత లేని ఇళ్ళకు, ఆడపిల్లను అంతదూరం పంపడానికి జంకే ఇళ్ళకు ఇది అందుబాటులో ఉన్న మార్గం.

మస్జిద్ కమిటీలను కూడా ఒక మాట అడుగుతున్నాం. మగ్రిబ్, ఇషాల మధ్య చాలాచోట్ల మస్జిద్ పక్క గది ఖాళీగానే ఉంటుంది. అక్కడ ఒక ఇంగ్లీషు దినపత్రిక వేయించి, టెట్‌కు చదివే ఉపాధ్యాయులను, పదో తరగతి పిల్లలను ఒకే చాప మీద కూర్చోబెట్టి, రోజుకు ఒక వార్త తక్రార్ చేయించవచ్చు. ఒకరు చదవాలి, ఒకరు ఆపి అడగాలి, ఒకరు తన మాటల్లో చెప్పాలి. నెలకు ఒక పత్రిక చందా ఎంతవుతుందో, జల్సా పోస్టర్లకు ఎంతవుతుందో కమిటీ ఖజానా చూసే పెద్దలకే బాగా తెలుసు.