సముద్రానికి వీపు తిప్పి

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. పల్లెపాలేల జనం మెరకకు చేరడానికి ఆ వ్యవధి చాలు. కానీ అల బయల్దేరిందని చెప్పే వ్యవస్థ హిందూ మహాసముద్రానికి లేదు. పసిఫిక్‌కు 1949 నుంచే హెచ్చరిక కేంద్రం ఉంది. మనకు శవాలు లేచాక, 2007లో, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో వచ్చింది. అడుగున నీటి ఒత్తిడిలో తేడాను పసిగట్టే పరికరాలు, పైన తేలే బోయలు, ఉపగ్రహ సంకేతాలు, అన్నీ మూడేళ్లు తిరక్కుండా సమకూరాయి. చేతకాక కాదు, పట్టక ఊరుకున్నాం.

ఢిల్లీని తిట్టి తప్పించుకోలేం. తెలుగువాళ్లకు సముద్రాన్ని కొలిచే విద్య కొత్తదేమీ కాదు. 1950ల్లోనే అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, ఇక్కడివాళ్లతో కలిసి ఓడల మీద బంగాళాఖాతాన్ని కొలిచాడు. విశాఖ ఆవల నీటి కింద లోయలు బయటపడితే ఒకదానికి ‘ఆంధ్ర’ అనే పేరు పెట్టారు. కైలాసగిరి ఎక్కి సముద్రంతో ఫొటోలు దిగే మనలో ఎందరికి తెలుసు ఈ సంగతి?

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా పత్రికలవాళ్లం మొదటి పేజీ నింపేశాం. ఆ రాకెట్ దాటిపోయే బంగాళాఖాతం మాత్రం వాయుగుండం పుట్టినప్పుడే మాకు గుర్తొచ్చేది. రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి, నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుచుకుంటూ పది రోజులకోసారి పైకి తేలి కబురు పంపే ఆర్గో ఫ్లోట్‌లు ప్రపంచమంతటా దాదాపు నాలుగు వేలున్నాయి. మన దేశం వదిలిన వాటి లెక్కలు చేరేది హైదరాబాద్‌కే. ఆ ఊళ్లోనే పిల్లవాడు సముద్ర శాస్త్రం చదువుతానంటే ‘చేపలు పడతావా?’ అని నవ్వాం. ఆ నవ్వులో వేటకెళ్లేవాళ్ల మీద చులకన కూడా ఉంది. నీటి రంగు చూసి చేప జాడ చెప్పగల మనిషిని ఏ తరగతి గదికి పిలిచి చెప్పించుకున్నాం?

ఇప్పుడు మాత్రం హడావిడి పడుతున్నాం. ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు దింపాలని చెన్నైలో మత్స్య 6000 అనే జలాంతర వాహనం కడుతున్నారు. అది పూర్తికాకముందే, 2025 ఆగస్టులో మనవాళ్లిద్దరు సాధన కోసం ఫ్రాన్స్ వారి నాటీల్ వాహనంలో అట్లాంటిక్‌లోకి దిగారు. ఒకరు 5,002 మీటర్లు చూసొచ్చారు. సంతోషమే. కానీ ఈ ఉత్సాహం ఎక్కడిదో ఒప్పుకుందాం. మధ్య హిందూ మహాసముద్రం అడుగున బంగాళాదుంపల్లా పరుచుకున్న ఖనిజపు ఉండలున్నాయి. నికెల్, కోబాల్ట్, రాగి, మాంగనీసు. 1987 నుంచి ఆ మేర మీద అన్వేషణ హక్కు మనది. ఆ ఉండ పది లక్షల ఏళ్లకు పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. మన వాటాలో 38 కోట్ల టన్నులున్నాయన్న అంచనా మనకు నోటికి వచ్చు. ఆ ఉండలనే పట్టుకుని బతికే స్పాంజీల గురించీ పురుగుల గురించీ అడిగితే నీళ్లు నములుతాం.