రీబోరు కన్నా ముందు

మా నాన్నగారి పాత టూస్ట్రోకు బజాజ్ చేతక్ పాతపట్నం నుండి పర్లాకిమిడి దాకా వెళ్ళడానికే మూలుగుతూంటే, చూసినవారందరూ రీబోరు చేయించమనో, పాత ఇనుముకు వేసెయ్యమనో సలహా ఇచ్చారు. నేనొప్పుకోను. ముందు సైలెన్సరు విప్పి చూడాలి.

ఈ ఇంజనులో ఆయిలు పెట్రోలుతో కలిసే కాలుతుంది. కాలగా మిగిలిన మసి పిస్టను నెత్తినా, పొగ పోయే రంధ్రం చుట్టూ, సైలెన్సరులోనూ గట్టిపడి పేరుకుంటుంది. లోపలి పొగ పోనిదే కొత్త గాలికి చోటుండదు. ఇక బండి లాగేదెలా?

విప్పితే రంధ్రం సగం పూడిపోయి ఉంది! మసి సిలిండరులో పడకుండా పిస్టనును ఆ రంధ్రానికి అడ్డంగా నిలిపి, వెదురు బద్దతో ఓపికగా గీకాను. పిస్టను అల్యూమినియం కదా, స్క్రూడ్రైవరు తగిలితే గీతలు పడతాయి. సైలెన్సరును నిప్పుల్లో కాల్చి తట్టిస్తే దోసెడు మసి రాలింది.

నిజానికి తప్పు మాదే. ఇంజనుకు మేలని నాన్నగారు ఎప్పుడూ ఆయిలు కొంత ఎక్కువే పోయించేవారు (ఈ మాట ఆయన ముందు అనను).

మొన్న ఆయనను వెనక కూర్చోబెట్టుకొని మహేంద్రతనయ ఒడ్డుదాకా వెళ్ళాను. బండి హాయిగా లాగింది. దారిలో రెండుసార్లు అడిగారు: "పొగ రావడం లేదేమిట్రా, ఆయిలు గానీ తగ్గించావా?"